బొబ్బిలి వీణ పార్శిల్‌లో విరిగిపోయింది, కిరాయి వాపసు ఇచ్చి చేతులు దులిపేసుకుంటామంటున్నారు. ఏం చెయ్యాలి?

గొల్లపల్లి_రోడ్డు
మా చెల్లి కూతురు నాగపూర్‌లో వీణ నేర్చుకుంటోంది, ఇన్నాళ్లూ టీచర్ గారి వీణ మీదే సాధన చేసుకునేది. దానికి సొంత వీణ ఉండాలని బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చెప్పి మరీ చేయించాం. పనస దుంగ ఒక్కటే తొలిచి చేసే ఏకాండి వీణ, కుండకీ (నాదం పలికే గుండ్రటి భాగం) దండికీ (పొడవాటి మెడ) మధ్య అతుకు ఉండదు. 38 వేలు అయింది. ఒక ప్రైవేటు ట్రాన్స్‌పోర్ట్‌లో బుక్ చేశాం, పేరు రాయను, గొడవ ఇంకా నడుస్తోంది. కిరాయి 1,450 కట్టాం. అట్టపెట్టె, లోపల థర్మాకోల్, దాని మీద బొంత, పైన ఎర్ర స్కెచ్‌తో "పగిలే సామాను" అని తెలుగులో హిందీలో ఇంగ్లీషులో రాశాం, ఏది పైవైపో తెలిసేలా బాణం గుర్తు కూడా వేశాం.

చెప్పిన రోజుకి రాలేదు, ట్రాకింగ్‌లో చూస్తే ఎప్పుడూ హైదరాబాద్ హబ్ (పార్శిళ్లు ఊళ్లవారీగా విడదీసి పంపే గోడౌన్) అనే ఉండేది. చివరికి వచ్చింది. పెట్టె ఒక మూల నొక్కుకుపోయి ఉందట, డెలివరీకి వచ్చిన అబ్బాయి ముందు సంతకం పెట్టండి తర్వాత విప్పుకోండి అన్నాడట, చెల్లి పెట్టేసింది. విప్పితే దండి చివర చెక్కిన యాళి తల విరిగిపోయి ఉంది, తంత్రులు బిగించే బిరడాలు రెండు ఊడాయి, కుండ మీద పలక వారగా చీలింది, మెట్లు కూర్చిన మైనం మెత్తబడి ఒక పక్కకి జారిపోయి అక్కడే గట్టిపడిపోయింది. పిల్ల ఆ ఫొటోలు పంపి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

బుకింగ్ ఆఫీసుకి వెళ్తే రసీదు మీద ఓనర్స్ రిస్క్ (నష్టమొస్తే సామాను సొంతదారుడిదే) అని ముద్ర ఉంది కదా, మాకు బాధ్యత లేదు, కావాలంటే కిరాయి వాపసు ఇస్తాం అన్నారు. కిరాయి ఏం చేసుకోను? ఇది ఇంతేనా, ఎవరికైనా ఇలాంటిది ఎదురై డబ్బు వెనక్కి వచ్చిన సందర్భం ఉందా?

కొత్తపేట_కుర్రాడు
సంతకం పెట్టేశాక ఇంకేం లేదన్నా, వదిలెయ్. మా టీవీకి ఇదే అయింది.

మంగళగిరి_మగ్గం
వదిలెయ్ అనొద్దు తమ్ముడూ, అందరూ వదిలేస్తున్నారు కాబట్టే వాళ్లు అలా మాట్లాడుతున్నారు.

అన్నగారూ, ముందు ఇవి చెప్పండి. రసీదులో సామాను విలువ రాశారా? గొల్లపల్లి వాళ్లు ఇచ్చిన బిల్లు ఉందా? పెట్టెలో పెట్టేముందు తీసిన ఫొటోలు ఉన్నాయా? విరిగిన సంగతి అదే రోజు ఎవరికైనా రాతపూర్వకంగా చెప్పారా? ఈ నాలుగూ తేలకపోతే ఎవరం ఏం చెప్పినా గాల్లో మాటే.

గొల్లపల్లి_రోడ్డు
@మంగళగిరి_మగ్గం విలువ 38,000 అని రసీదులో ఉంది, అది రాయించాను. చేతితో రాసిన బిల్లు ఉంది, సంతకంతో. పెట్టెలో పెట్టేటప్పుడు వీడియో తీశాం, అది మా అబ్బాయి సరదాకి తీశాడు. విప్పిన గంటలోపే ఫొటోలన్నీ బుకింగ్ ఆఫీసు వాట్సాప్‌కి పంపాం, నీలం టిక్కులు కూడా పడ్డాయి, జవాబు మాత్రం లేదు.

మంగళగిరి_మగ్గం
అయితే మీ దగ్గర అన్నీ ఉన్నట్టే. నేను చీరలు అమ్ముతాను, రోజూ పార్శిళ్లతోనే బతుకు. నా దగ్గరకి వచ్చేవాళ్లలో సగం మందికి ఇందులో ఒక్కటి కూడా ఉండదు.

హబ్_నైట్‌షిఫ్ట్
నేను మేడ్చల్ దిక్కు ఒక పెద్ద హబ్‌ల చాన ఏండ్లు చేసిన, ఇప్పుడు మానేసిన. అసలు లోపల ఏం నడుస్తదో చెప్త, ఎందుకంటే అందరు డెలివరీ పోరగాళ్లను తిడ్తరు గానీ నూటికి తొంభై సార్లు డ్యామేజ్ ఆళ్ల చేతుల అయ్యేది కాదు.

రాత్రి పది దాటినంక లైన్‌హాల్ బండ్లు (వేరే ఊర్ల నుంచి సరుకు తెచ్చేటి పెద్ద బండ్లు) ఒకటెనుక ఒకటి దిగుతయ్. పొద్దుగాల నాలుగు లోపట అన్నీ సార్టింగ్ అయ్యి మళ్ల లోడ్ అయిపోవాలె. బండి లేట్ అయితే సూపర్‌వైజర్‌కు మాట వస్తది, పెట్టె పగిలితే ఎవలికీ ఏం మాట రాదు. గిది అసలు కథ. బెల్టు మీదికి ఎక్కేటి సైజు అయితే బెల్టు మీద పోతది, ఎక్కని పొడుగు సామాను (మీ వీణ గసోంటిదే) పక్కకు పడేసి ఉంచుతరు, లాస్టుకు బండిల ఎక్కడ సందు ఉంటే అండ్ల దూరుస్తరు. నిలబెడ్తరు, అడ్డంగ పెడ్తరు, దాని మీద ఇంకోటి పెడ్తరు. స్టిక్కర్ ఎవలు చదువుతరు? లైట్ సరిగ్గ ఉండదు, చదివే టైమ్ ఉండదు, లోడింగ్ చేసేటి పిలగాండ్లల సగం మంది బీహార్, ఒడిశా నుంచి వచ్చినోళ్లు. ఆళ్లకు మీ మీద కోపం ఏం లేదు, బస్తాకు ఇంత అని కూలి.

మైనం కరిగింది అన్నరు కదా, అది బండిల అయ్యింటది. ఎండల నిలబడ్డ కంటెయినర్ల చెయ్యి పెట్టలేరు, రేకు అట్ల కాల్తది. హబ్ అని చూపించిన రోజులల్ల అది హబ్‌ల ఉన్నదో బయట బండిలనే ఉన్నదో ఎవలకు తెల్వదు, స్కాన్ పడ్డది అంతే.

తంబురా
మైనం సంగతి నిజం. తేనె మైనంలో బొగ్గుపొడి కలిపి దాని మీద 24 మెట్లూ కూరుస్తారు, వేసవిలో మేము ఇంట్లో కూడా వీణని కిటికీ దగ్గర పెట్టం. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది అండి. తల అతికించొచ్చు, బిరడాలు కొత్తవి వేయించొచ్చు, మైనం మళ్లీ కట్టించొచ్చు. పలక చీలిక ఎంత లోతుకి వెళ్లిందో దాన్ని బట్టే నాదం. ఫొటో దగ్గరగా తీసి పెట్టగలరా?

కొత్తపేట_కుర్రాడు
@హబ్_నైట్‌షిఫ్ట్ అన్నా మరి మా గల్లీలో డెలివరీ అతను గేటు పైనుంచి విసిరేసి పోతాడు, నా కళ్లతో చూసిన. అది కూడా హబ్‌లోనే అయిందంటావా

హబ్_నైట్‌షిఫ్ట్
ఇసిరేటోళ్లు ఉన్నరు, లేరు అంటలేను. గానీ రోజుకు వంద దాక డ్రాపులు పెట్టి, ఒక్కోదానికి ఇన్ని పైసలు అని ఇచ్చి, పెట్రోల్ నీదే అంటే ఇంటింటికి ఆగి చేతికి ఇచ్చి పొమ్మంటే ఎట్లయితది తమ్మీ. కంప్లయింట్ పెడ్తే కట్ అయ్యేది గా పోరని పైసలే, కంపెనీవి కాదు.

నిజాంపేట్_నాని
మీ ఇద్దరి గొడవ తర్వాత, మాకు గేటుకి సంచి కట్టి పెట్టాం, "ఇందులో వెయ్యండి" అని రాసి. అప్పట్నుంచి మా ఇంట్లో ఏదీ పగల్లేదు. ఒకసారి ఎవరో అందులో పాలప్యాకెట్ కూడా వేసి పోయారు, మాది కాదు 😄

ప్లీడర్_గుమస్తా
అసలు విషయానికి వద్దాం. వకీలు దగ్గర పనిచేస్తాను, ఇలాంటివి వస్తుంటాయి. నేను చెప్పేది దారి చూపడానికి, ఫైనల్‌గా ఒకసారి అడ్వొకేట్‌కి కాగితాలు చూపించుకోండి.

మీది లారీ ట్రాన్స్‌పోర్ట్ కాబట్టి 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం వర్తిస్తుంది. అందులో మీకు పనికొచ్చేవీ ఉన్నాయి, ఇబ్బంది పెట్టేవీ ఉన్నాయి. పనికొచ్చేది ఏంటంటే, సరుకు పోయినా పాడైనా అది వాళ్ల నిర్లక్ష్యం వల్లే అని మీరు రుజువు చెయ్యక్కర్లేదు. అంటే హబ్‌లో ఎవరు ఎలా పడేశారో మీరు వెళ్లి సాక్ష్యం తేనక్కర్లేదు. ఇబ్బంది పెట్టేది ఏంటంటే, ఎక్కువ రిస్క్ రేటు (ఎక్కువ బాధ్యత తీసుకోమని కట్టే అదనపు కిరాయి) కట్టకుండా మామూలు కిరాయికి పంపితే వాళ్ల బాధ్యత కిరాయికి పదిరెట్లు దాటదు, రూల్స్‌లో అలా ఉంది. మీ లెక్కన 14,500. కిరాయి వాపసు ఇస్తాం అనేది మాత్రం ఎక్కడా లేదు, అది వాళ్ల సొంత కవిత్వం.

ముఖ్యమైనది ఇది. బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత కేసు వేసినా నిలబడదు. డెలివరీ తేదీ నుంచి కాదు, బుకింగ్ తేదీ నుంచి. ఫోన్లో మాట్లాడుతూ, రేపు రండి ఎల్లుండి రండి అని తిప్పించుకుంటూ ఈ గడువు దాటబెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. వాట్సాప్ పెట్టాం కదా అని ఊరుకోకండి, స్పీడ్ పోస్ట్‌లో బ్రాంచికీ హెడ్డాఫీసుకీ రెండింటికీ పంపి ఆ రసీదులు, డెలివరీ రిపోర్టు దాచుకోండి.

గొల్లపల్లి_రోడ్డు
ఇది తెలీదండి, చాలా థాంక్స్. ఇంకా గడువు ఉంది, రేపే పంపించీస్తాను. మరి సంతకం పెట్టేసింది కదా చెల్లి, దానివల్ల పోయినట్టేనా?

ప్లీడర్_గుమస్తా
పెట్టె అందింది అని సంతకం, లోపల సామాను బాగుంది అని కాదు. మూసిన పెట్టె మీద సంతకం పెట్టి గంటలోపు ఫొటోలు పంపారంటే మీ మాటకి బలం ఉంటుంది. కానీ ఇకముందు ఎవరైనా సరే, పెట్టె నొక్కుకుపోయి కనిపిస్తే పీఓడీ (పార్శిల్ అందిందని సంతకం తీసుకునే) కాగితం మీద "పెట్టె దెబ్బతిని అందింది, లోపల చూడలేదు" అని తెలుగులోనైనా సరే రాసి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే ఆ కాగితాన్నీ పెట్టెనీ కలిపి ఫొటో తీసుకోండి.

మంగళగిరి_మగ్గం
ఇప్పుడు చాలామంది కాగితం తేవట్లేదండి, ఓటీపీ చెప్పమంటున్నారు. ఓటీపీ చెప్పిన క్షణంలో డెలివర్డ్ అని పడిపోతుంది. రాయడానికి చోటేది?

ప్లీడర్_గుమస్తా
అందుకే ఓటీపీ చెప్పేముందే పెట్టెని నాలుగు వైపులా వీడియో తీయండి, డెలివరీ అతనితో మాట్లాడుతూ. అతన్ని తిట్టనక్కర్లేదు, "బాబూ ఇక్కడ నొక్కుంది చూడు" అంటే చాలు, అది రికార్డు అవుతుంది.

హబ్_నైట్‌షిఫ్ట్
ఇంకోటి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల సీఓఎఫ్ ఇయ్యమని అడుగుండ్రి. సరుకు డ్యామేజ్ అయ్యింది అని ఆళ్లే రాసిచ్చే కాగితం. ఇన్సూరెన్స్ ఉన్న పార్టీలకు రోజూ ఇస్తరు, మామూలు మనిషి అడిగితే అసోంటిది ఏం లేదు అంటరు. ఉంటది. నాగపూర్ డెలివరీ బ్రాంచిల అడగాలె, బొబ్బిలిల కాదు. అది చేతికి వచ్చిందంటే తర్వాత మా దగ్గర పగల్లేదు అనడానికి ఉండదు.

ఖమ్మం_కాఫీ
నేనైతే ప్రైవేటు ట్రాన్స్‌పోర్ట్ జోలికే పోను. ఆర్టీసీ కార్గోలో వేస్తా. పొద్దున వేస్తే సాయంత్రం మా అక్క హన్మకొండ బస్టాండ్‌లో తీసుకుంటుంది, మధ్యలో హబ్ గిబ్ ఏం లేవు, ఎక్కిన బస్సే దిగిన బస్సు. శ్రీరామనవమికి భద్రాచలం తలంబ్రాలు కూడా ఆర్టీసీ కార్గోలో బుక్ చేసుకుంటే ఇంటికి వస్తాయి, రెండేళ్లుగా మేము అలాగే తెప్పించుకుంటున్నాం.

నిజాంపేట్_నాని
హన్మకొండకి బాగానే ఉంటుంది బాస్, వాళ్లది నాగపూర్. రాష్ట్రం దాటితే మళ్లీ చేతులు మారాలి.

ఖమ్మం_కాఫీ
అది కరెక్టే. దగ్గర ఊళ్లకి అని చెప్తున్నా. చేతులు ఎన్ని తక్కువ మారితే అంత మంచిది కదా.

తపాలా_పెట్టె
పోస్టాఫీసులో పనిచేస్తాను కాబట్టి మా వైపు సంగతి చెప్తాను. 35 కేజీల దాకా పార్శిల్ తీసుకుంటాం. మామూలు స్పీడ్ పోస్ట్‌లో వస్తువు పోతే నష్టపరిహారం కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది. ఇది చాలామందికి పోయాక గానీ తెలీదు. విలువైనది పంపేటప్పుడు కౌంటర్లో ఇన్సూర్ చెయ్యమని మీరే అడగాలి. ఇన్సూర్ చేస్తే కౌంటర్లోనే సీలు, బరువు అన్నీ నమోదవుతాయి, దారిలో ప్రతి చేతిలోనూ లెక్క ఉంటుంది. రద్దీలో కౌంటర్ వాళ్లం అడగం, అది మా లోపమే అనుకోండి.

పెట్టె దెబ్బతిన్నట్టు కనిపిస్తే ఇంటి దగ్గర తీసుకోకండి, ఓపెన్ డెలివరీ కావాలని చెప్పండి. పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టర్ ముందు విప్పి, తూచి, ఏముందో ఏం పోయిందో రాస్తారు. ఆ కాగితం కోర్టులో కూడా నిలబడుతుంది.

కొత్తపేట_కుర్రాడు
రాఖీకి మా అక్క పంపిన కవర్ వినాయక చవితికి వచ్చింది సార్ మీ స్పీడ్ పోస్ట్‌లో

తపాలా_పెట్టె
లేటైతే స్పీడ్ పోస్ట్ చార్జీ వాపసు అడగొచ్చు బాబూ, అడిగేవాళ్లు లేరు. రాఖీ టైములో మా దగ్గర గుట్టలు పడతాయి, పండక్కి వారం ముందు పంపమని అందరికీ చెప్పే మాటే మీకూ చెప్తున్నా.

మంగళగిరి_మగ్గం
రిజిస్టర్డ్ పోస్ట్ తీసేశారుగా? మా నాన్నగారు ఇప్పటికీ రిజిస్టర్ చెయ్యి అంటారు.

తపాలా_పెట్టె
2025 సెప్టెంబర్ నుంచి దాన్ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారమ్మా. పేరున్న మనిషికే ఇవ్వాలి అంటే స్పీడ్ పోస్ట్‌లోనే రిజిస్ట్రేషన్ అని అదనంగా తీసుకోవాలి.

డాలస్_అక్క
ఈ కష్టాలు మాకు ఇంకో రకం. మా అమ్మ రాజమండ్రి నుంచి ప్రతి ఏడూ ఆవకాయ, సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు పంపేది. 2025 ఆగస్టులో ఇక్కడ 800 డాలర్ల లోపు పార్శిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు తీసేశారు కదా, అప్పుడు ఇండియా పోస్ట్ అమెరికాకి పార్శిళ్లు తీసుకోవడం ఆపేసి, అక్టోబర్ మధ్యలో మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యలో అమ్మ పోస్టాఫీసుకి వెళ్లడం, వెనక్కి రావడం. చివరికి ఊళ్లో పచ్చళ్ల పార్శిల్ అని బోర్డు పెట్టుకున్న ఒక ఏజెంట్‌కి ఇచ్చింది, అతను కిలోకి ఇంత అని తీసుకుని తెల్లకాగితం మీద నంబర్ రాసిచ్చాడు. ఆ డబ్బా ఇప్పటికీ రాలేదు. అతను ఏ కొరియర్‌లో వేశాడో, కస్టమ్స్ దగ్గర ఏమని రాశాడో అమ్మకి తెలీదు. ఎవరిని అడగాలి? రసీదు మీద కంపెనీ పేరే లేదు.

ప్లీడర్_గుమస్తా
@డాలస్_అక్క డబ్బు తీసుకున్న ఏజెంటే బాధ్యుడమ్మా. మీ అమ్మగారికి అతను కట్టించుకున్నట్టు ఫోన్‌పే లాంటిది ఏదైనా రికార్డు ఉందా? ఉంటే అక్కడే రాజమండ్రిలో అడగొచ్చు. ఇకముందు అసలు కొరియర్ కంపెనీ ఎయిర్‌వే బిల్లు (విమానంలో వెళ్లే పార్శిల్ రసీదు) నంబర్ చేతికిస్తేనే డబ్బు కట్టండి.

డాలస్_అక్క
యూపీఐలోనే కట్టింది. అమ్మకి చెప్తాను. డబ్బు కన్నా ఆవిడ మోకాళ్ల నొప్పులతో కూర్చుని చేసిన సున్నుండలు ఎక్కడో గోడౌన్‌లో పడున్నాయన్నదే బాధ.

నిజాంపేట్_నాని
టాపిక్ పక్కకే గానీ చెప్పాలి. పార్శిల్ కోసం ఎదురుచూసేవాళ్లని చూసి మోసాలు చేస్తున్నారు. "మీ అడ్రస్ తప్పు ఉంది, 24 గంటల్లో ఈ లింకులో సరిచెయ్యకపోతే పార్శిల్ వెనక్కి వెళ్తుంది" అని పోస్టల్ డిపార్ట్‌మెంట్ పేరుతో మెసేజ్ వస్తుంది. లింకు నొక్కితే కార్డు వివరాలు అడుగుతుంది. మా మామయ్య చివరి క్షణంలో ఆగిపోయాడు. నిజంగానే ఒక పార్శిల్ రావాల్సి ఉండటం వల్ల నమ్మేశాడాయన.

తపాలా_పెట్టె
మేము అలాంటి మెసేజ్ పంపం, లింకులో డబ్బు కట్టమనం. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే అంత ఆపడానికి వీలు. ఇంకోటి, మీ పేరు మీద పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, వీడియో కాల్‌లోకి రండి అని పోలీసు డ్రెస్‌లో భయపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఫోన్ పెట్టేయండి అంతే.

కొత్తపేట_కుర్రాడు
@ప్లీడర్_గుమస్తా సార్ కొరియర్ కంపెనీలు రసీదు వెనకాల చీమల్లాంటి అక్షరాల్లో 100 రూపాయలకి మించి బాధ్యత లేదు అని రాస్తాయి కదా, అది చెల్లుతుందా? నా టీవీ అప్పుడు అదే చూపించారు.

ప్లీడర్_గుమస్తా
ఇక్కడే అందరూ గొడవపడతారు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, భారతి నిట్టింగ్ కేసు. జర్మనీకి పంపిన డాక్యుమెంట్లు లేటుగా చేరితే లక్షల్లో నష్టం అడిగారు, కన్‌సైన్‌మెంట్ నోట్‌లో 100 డాలర్లే అని ఉంది, దాని మీద పంపినవాళ్లు సంతకం పెట్టారు కాబట్టి అంతే అన్నారు. కంపెనీల లాయర్లు ఎప్పుడూ అదే తీర్పు పట్టుకొస్తారు.

కానీ ఆ కేసులో సంతకం ఉంది. సంతకమే తీసుకోని, చదవడానికి కూడా వీల్లేని చిన్నక్షరాల షరతు కట్టదని కన్స్యూమర్ కమిషన్లు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే రసీదు మీద మీ సంతకం ఉందా లేదా అనేదే ముందు చూస్తాను.

తంబురా
నాకిది అన్యాయంగా అనిపిస్తోంది. బుకింగ్ కౌంటర్లో వెనక పదిమంది నిలబడి ఉంటే, ఇక్కడ సంతకం పెట్టండి అంటే పెడతాం. చదివి సంతకం పెట్టే అవకాశం ఎవరిచ్చారు?

ప్లీడర్_గుమస్తా
అన్యాయమే. కొత్త కన్స్యూమర్ చట్టం 2019లో అన్యాయమైన కాంట్రాక్టు అనే మాట చేర్చింది అందుకే. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ పెట్టుకోవాలనే రూలు లేదు, రెండేళ్లలోపు వెయ్యాలి. కంపెనీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. రసీదు మీద "ఫలానా ఊరి కోర్టుల్లోనే" అని అచ్చేసినా భయపడకండి. బొబ్బిలి వాళ్లకి విజయనగరంలోనే.

ముందు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ నమోదు చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. చాలా కంపెనీలు అక్కడికే దిగొస్తాయి.

మంగళగిరి_మగ్గం
1915 పనిచేస్తుంది, నేను వాడాను. ఒక కస్టమర్ పట్టుచీర వద్దని వెనక్కి పంపింది, నా దగ్గరికి వచ్చిన కవర్లో పాత నైలాన్ చీర ఉంది. కస్టమర్ మార్చిందా దారిలో మారిందా ఎలా తెలుస్తుంది? నేను పంపేటప్పుడు ప్రతి కవర్నీ తూకం మీద పెట్టి అంకె కనపడేలా ఫొటో తీస్తాను. వెనక్కి తీసుకునేటప్పుడు కొరియర్ వాళ్ల సిస్టమ్‌లో పికప్ బరువు, నాకిచ్చినప్పటి బరువు వేరువేరుగా ఉన్నాయి. అంటే కస్టమర్ ఇల్లు దాటాకే మారింది. ఆ అమ్మాయిని అనవసరంగా అనుమానించకుండా ఆ రెండు అంకెలే కాపాడాయి. మొదట మూడు వందలు ఇస్తామన్నారు, 1915లో పెట్టాక చీర ఖరీదు ఇచ్చారు. దాని కోసం ఎన్ని మెయిళ్లు రాశానో, పండగ సీజన్లో పని మానుకుని.

మాలాంటి చిన్నవాళ్లకి ఒక్క చీర పోతే ఆ నెల మగ్గం మీద కూర్చున్నవాళ్ల కూలికి తడుముకోవాలి. ఇది పెద్ద కంపెనీలకి ఎప్పుడు అర్థమవుతుందో.

హబ్_నైట్‌షిఫ్ట్
అక్క చెప్పిన బరువు ముచ్చట బంగారం. హబ్‌ల ప్రతి పెట్టె తూకం, కొలత మెషిన్ కిందికెళ్లి పోతది, బిల్లు ఎక్కువ గుంజనీకి పెట్టుకున్నరు అది. గానీ గదే మనకు సాక్ష్యం అయితది. "నా డాకెట్‌కు (బుకింగ్ నంబర్‌కు) అన్ని స్కాన్ల బరువు ఇయ్యుండ్రి" అని మెయిల్ పెట్టుండ్రి.

నిజాంపేట్_నాని
కొలత అంటే గుర్తొచ్చింది, దిండు పంపితే ఎనిమిది కేజీల బిల్లు వేశారు 😅

మంగళగిరి_మగ్గం
పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, అసలు బరువు కన్నా అది ఎక్కువైతే దానికే డబ్బు. దిండుని గాలి తీసి చుట్టి పంపాల్సింది.

గొల్లపల్లి_రోడ్డు
నా వీణ సంగతి అప్‌డేట్ ఇది. నోటీసు రెండు చోట్లకీ పంపాను, 1915లో పెట్టాను. మా చెల్లి నాగపూర్ బ్రాంచికి వెళ్లి సీఓఎఫ్ అడిగితే హబ్ తమ్ముడు చెప్పినట్టే అలాంటిది లేదన్నారట, అది ఊరుకోలేదు, ఇస్తేగానీ కదలనని కుర్చీలో కూర్చుండిపోయింది, సాయంత్రానికి మేనేజర్ రాసిచ్చాడు. దాంట్లో "బయటి పెట్టె నొక్కుకుపోయింది, వాయిద్యం విరిగింది" అని వాళ్ల స్టాంపుతో ఉంది.

నిన్న హెడ్డాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఇన్నాళ్లూ నా ఫోన్ ఎత్తని మనిషి సార్ అంటూ మాట్లాడాడు. 14,500 ఇస్తాం, ఒక లెటర్ మీద సంతకం పెట్టండి అన్నాడు. బుకింగ్ రసీదు మీద నా సంతకం లేదు, ఎక్కువ రేటు కట్టొచ్చని అక్కడ ఎవరూ చెప్పలేదు కూడా. తీసుకోమంటారా?

కొత్తపేట_కుర్రాడు
తీసుకో అన్నా! సున్నా కన్నా నయం. నేను వదిలెయ్ అన్నప్పుడు 1,450 కదా

తంబురా
తీసుకోవద్దంటాను. 38 వేల వీణ అది.

ప్లీడర్_గుమస్తా
ఆ లెటర్లో "పూర్తి, తుది పరిష్కారంగా" అని ఉంటుంది, దాని మీద సంతకం పెడితే తర్వాత ఇంకేం అడగలేరు. ముందు లెటర్ మెయిల్లో పంపమనండి. రిస్క్ రేటు కట్టలేదు కాబట్టి చట్టం లెక్కన వాళ్లు 14,500 దగ్గర నిలబడొచ్చు, అది నేను దాచను. కానీ బుకింగ్‌లో మీ సంతకం లేదంటున్నారు, ఎక్కువ రేటు కట్టే వీలుందని ఎవరూ చెప్పలేదంటున్నారు, లేటు వేరే. కమిషన్‌కి వెళ్తే ఎక్కువ వచ్చే అవకాశం ఉంది, నెలలు పడుతుంది, తప్పకుండా వస్తుందని చెప్పలేను. మధ్యేమార్గంగా రిపేరు ఖర్చు ఎస్టిమేట్ రాయించి అది అడగండి.

గొల్లపల్లి_రోడ్డు
గొల్లపల్లిలో చేసిన ఆయన్నే అడిగాను. ఫొటోలు చూసి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత చీలిక పలక మీదే ఉంది, కుండ లోపలికి దిగలేదు, పలక మార్చి తల మళ్లీ చెక్కి బిగిస్తే నాదం వస్తుంది అన్నారు. అన్నీ కలిపి 19 వేలు అవుతుందని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం పంపి 19 వేలు, రానూపోనూ కిరాయి ఇవ్వమని మెయిల్ పెట్టాను, లేకపోతే విజయనగరంలో కేసు వేస్తానని కూడా రాశాను. ఈ మాటు ఊరుకోను.

మంగళగిరి_మగ్గం
అలా అడగాలి. వెనక్కి పంపేటప్పుడు మాత్రం ఆ అట్టపెట్టె వద్దు.

తంబురా
పంపేముందు ఇవి చెయ్యమనండి. తంత్రులన్నీ వదులు చెయ్యాలి, పూర్తిగా తియ్యకూడదు. గుర్రం (తంత్రులు ఆనే చిన్న వంతెన) తీసి వేరే గుడ్డలో చుట్టాలి. దండి కింద ఉండే సొరబుర్ర మర తిప్పితే ఊడి వస్తుంది, దాన్ని విడిగా పెట్టాలి. బాగు చేశాక మైనం పని గొల్లపల్లిలో చేయించకండి, నాగపూర్ చేరాక అక్కడే ఎవరైనా వీణ బాగుచేసేవాళ్లతో మెట్లు కూర్పించండి, టీచర్ గారికి తెలిసే ఉంటుంది. ఎండాకాలం అయితే మరీను.

హబ్_నైట్‌షిఫ్ట్
చెక్క పెట్టె కొట్టియ్యుండ్రి, కింద రెండు పట్టీలు ఎత్తుగ ఉండాలె, అప్పుడు మనిషి పట్టుకోనీకి చెయ్యి దూరుతది. పట్టుకోనీకి జాగ లేని పెట్టెనే ఎత్తి పడేస్తరు. పైన మూత ఏటవాలుగ, ఇంటి కప్పు తీరుగ పెట్టిస్తే దాని మీద ఎవ్వడు ఇంకోటి పేర్చలేడు, స్టిక్కర్ చదవకున్నా సరే. పండగ ముందు వారం పంపకుండ్రి. శనివారం బుక్ చెయ్యకుండ్రి, ఆదివారం అంతా ఎక్కడనో పడి ఉంటది.

గొల్లపల్లి_రోడ్డు
ఏటవాలు మూత భలే చెప్పావు తమ్ముడూ, మా ఊళ్లో వడ్రంగికి ఈ రోజే చెప్తాను. నాగపూర్‌లో ఎవరికైనా తెలిసిన వడ్రంగి ఉన్నారా? అక్కణ్నుంచి ఇటు రావడానికి కూడా అలాంటి పెట్టే కావాలి కదా.

ఖమ్మం_కాఫీ
మా బావమరిది నాగపూర్ ఇత్వారీలోనే ఉంటాడు, చెక్క సామాను షాపులు అక్కడ బాగా తెలుసు అతనికి. మెసేజ్‌లో నంబర్ పంపుతున్నా చూడండి. పెట్టె పొడవెంతో కొలిచి పెట్టండి.

గొల్లపల్లి_రోడ్డు
చెల్లిని అడిగి రాత్రికి పెడతాను.